ధర్మాసుపత్రి రోగికి ఏ చట్టం? - వైద్య నిర్లక్ష్యం చట్టాల చరిత్రలో దళితులు

1929 డిసెంబరు 12 నాటి 'యంగ్ ఇండియా'లో కాఠియవాడ్‌కు చెందిన ఒక అంటరాని బడిపంతులు రాసిన ఉత్తరం అచ్చయింది. అంబేద్కర్ దాన్ని తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చేర్చారు. పంతులు భార్య బాలింత. జబ్బు చేసింది. డాక్టరు వాడకు రానన్నాడు. పంతులు ఊరి పెద్దల కాళ్లావేళ్లా పడ్డాడు. నగరసేఠ్ రెండు రూపాయల ఫీజుకు పూచీ ఉన్నాకే డాక్టరు కదిలాడు. వచ్చి కూడా వాడ బయటే చూస్తానన్నాడు. బాలింతను, పసిగుడ్డును బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకు, పంతులు భార్యకు. మళ్లీ అదే దారిన వెనక్కి. దీపం వెలుగులో చూసి నిమోనియా అన్నాడు, వెళ్లిపోయి మందు పంపాడు. ఫీజు రెండు రూపాయలూ ముట్టినా మళ్లీ చూడటానికి ఒప్పుకోలేదు. ఆమె చనిపోయింది.

ఈ ఉత్తరాన్ని మనం ఎన్నోసార్లు అంటరానితనానికి సాక్ష్యంగా చదివాం. దాన్ని వైద్య నిర్లక్ష్యం కేసుగా కూడా చదవాలని మా విన్నపం. రోగి నాడి పట్టకుండా, రొమ్ము మీద గొట్టం పెట్టకుండా, ఆమెను తాకనైనా తాకకుండా రోగం పేరు చెప్పాడు. ఏ కాలపు వైద్య ప్రమాణంతో చూసినా అది తప్పే. ఇంకో సంగతి ఉంది. పంతులు ఫీజు కట్టాడు. ఈ రోజు చట్టం ప్రకారం ఆయన 'వినియోగదారుడు', కమిషన్‌కు వెళ్లి పరిహారం అడగొచ్చు. అదే ఆయన డబ్బు లేక ప్రభుత్వాసుపత్రికి పోయి ఉంటే? ఆ తలుపు మూసేసి ఉంది. ఎందుకు మూశారో, ఎవరు మూశారో చెప్పడానికే ఈ వ్యాసం.

స్వాతంత్ర్యం తర్వాత మనకోసం చేసిన చట్టాలు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చాయి. 1955 అస్పృశ్యత నేరాల చట్టం, 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారినది, అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడాన్ని నేరమంది. చేర్చుకున్నాక వివక్ష చూపడాన్ని కూడా అదే సెక్షన్‌లో పెట్టింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఎస్సీ, ఎస్టీలను ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రానివ్వకపోవడాన్ని నేరాల జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ ఇవన్నీ కులం కారణమని రుజువు చేయగలిగితేనే పనిచేస్తాయి. లోపలికి రానిచ్చారు, మంచమిచ్చారు, ఆపరేషన్ కూడా చేశారు. కానీ రోజుకు ముప్పై చేయాల్సిన చోట ఎనభై చేశారు, పరికరాలు సరిగా ఉడకబెట్టలేదు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. అప్పుడు ఏ సెక్షన్?

మా ఊళ్లలో ప్రభుత్వాసుపత్రిని పాతవాళ్లు ఇప్పటికీ ధర్మాసుపత్రి అంటారు. ఈ మాట మీద కాసేపు ఆగాలి. ధర్మం అంటే ఇక్కడ దానం. దానం పుచ్చుకునేవాడు చేయి చాచాలి, తల వంచాలి, తూకం అడగకూడదు. 'పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడాడట' అని సామెత. ఉచితంగా పుట్టెడు గింజలు పోస్తే కుంచం కొలత తక్కువని తగువు పెట్టుకున్నవాణ్ని వెక్కిరించడం అది. ఈ సామెత ఎవరి నోట పుట్టిందో చెప్పక్కర్లేదు, గాదె ఉన్నవాడి నోటే. మన దేశపు వైద్య నిర్లక్ష్యం చట్టం ఈ సామెతను దాటి పోలేదని మేం అనుకుంటున్నాం.

పాత చట్టంతో మొదలుపెడదాం. నిర్లక్ష్యంతో చావుకు కారణమైతే రెండేళ్ల దాకా జైలు అనే 304-ఎ సెక్షన్‌ను 1870లో శిక్షాస్మృతిలో చేర్చారు. పరిహారం కావాలంటే సివిల్ కోర్టులో దావా వేయాలి. దావా విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి. వాయిదాలకు తిరగాలి. ప్రభుత్వాసుపత్రి మీద వేస్తే ఇంకో గోడ ఉండేది. ప్రభుత్వం సార్వభౌమ అధికారంతో చేసే పనికి నష్టపరిహారం ఇవ్వక్కర్లేదనే వాదన.

ఆ గోడ ఎంత మందమో చూపే కేసు ఔరంగాబాద్‌ది. 1963 జులైలో అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఒక స్త్రీకి కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. పొట్టలో గుడ్డ వదిలేసి కుట్టేశారు. అదే నెలలో ఆమె చనిపోయింది. కింది కోర్టు 36,000 రూపాయలు ఇమ్మంది. ఆసుపత్రి నడపడం సార్వభౌమ విధి అని హైకోర్టు దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు 1996 ఫిబ్రవరిలో ఆ మాట తప్పని చెప్పి కింది కోర్టు తీర్పును నిలబెట్టింది. 32 ఏళ్లకు పైనే. ఆ కాన్పులో పుట్టిన పిల్లవాడికి 32 ఏళ్లు దాటేదాకా తల్లి కడుపులో గుడ్డ మరిచినవాళ్లది తప్పా కాదా అని వాదించారు. ఆ కుటుంబంలో భర్త ఉద్యోగి కాబట్టి అంతకాలం పోరాడగలిగాడు. కూలికి పోయే మనిషి మూడో వాయిదాకే ఆగిపోతాడు.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. తక్కువ ఖర్చు, ప్లీడరు తప్పనిసరి కాదు, త్వరగా తేల్చాలనే ఉద్దేశం. డాక్టర్లు దీని కిందికి వస్తారా అని పదేళ్లు కొట్లాట నడిచింది. రారని మద్రాసు హైకోర్టు 1994లో చెప్పింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం డాక్టర్లు వస్తారని తీర్పిచ్చింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. రోగుల విజయమన్నారు.

ఏ రోగుల విజయం? తీర్పును లోపలికి పోయి చదవాలి. ఫీజు తీసుకునే ఆసుపత్రులు చట్టం కిందికి వస్తాయి. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చూసేచోట ఆ ఉచిత రోగులు కూడా వస్తారు. ఇక్కడ కోర్టు చక్కని మాటే చెప్పింది. డబ్బున్నవాళ్లకు రక్షణ ఇచ్చి, ఇవ్వలేని పేదలకు లేదంటే చట్టం ఉద్దేశమే దెబ్బతింటుందంది. మరి అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రి మాటేమిటి? అక్కడికొచ్చేసరికి అదే కోర్టు ఆగిపోయింది. చట్టం నిర్వచనంలోనే 'ఉచిత సేవ' సేవ కాదని ఉంది కాబట్టి అక్కడి రోగి వినియోగదారుడు కాడు. ఓ.పీ. చీటీకి కట్టిన నామమాత్రపు రుసుము ఫీజు కిందికి రాదు. జనం కట్టే పన్నుల డబ్బుతో నడుస్తోంది కదా అంటే, పన్నును సేవకు ప్రతిఫలంగా చూడలేం అంది.

ఈ చివరి మాట మమ్మల్ని ఎక్కువ బాధపెడుతుంది. అగ్గిపెట్టె మీద, బీడీ మీద, చెప్పుల మీద ఏళ్ల తరబడి పన్ను కట్టిన మనిషి ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి దానం పుచ్చుకునేవాడయ్యాడు. పేదలకు రక్షణ లేకుండా పోకూడదని ఒక పేరాలో చెప్పి, పేదలు మాత్రమే వచ్చే ఆసుపత్రిని ఇంకో పేరాలో బయట పెట్టారు. జడ్జీలకు మనసు లేదని మేం అనడంలేదు. వాళ్ల ముందున్న చట్టమే కొనుగోలు, అమ్మకం చుట్టూ అల్లుకున్నది. బజారు లెక్కలో ప్రాణం విలువ చూస్తే బజారుకు పోలేనివాడు కనిపించడు.

హైదరాబాదులోనే చూడండి. పంజగుట్టలో నిమ్స్ ఉంది. ప్రభుత్వ అధీనంలోదే, కానీ ఫీజు తీసుకుంటుంది. 1990లో అక్కడ ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డకు ఆపరేషన్ చేశారు. నడుం కింది భాగం చచ్చుబడింది. జాతీయ కమిషన్ 1999లో 15.5 లక్షలిచ్చింది. సుప్రీంకోర్టు 2009 మే 14న దాన్ని కోటి రూపాయలు చేసింది. ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నాడు. ఆ పోరాటానికి మేం చేతులెత్తి మొక్కుతాం. కానీ అదే ఊళ్లో మూసీ ఒడ్డున ఉస్మానియాలో ఉచిత మంచం మీద అదే జరిగితే కమిషన్ గుమ్మం ఎక్కే దారి లేదు. సివిల్ దావాయే గతి. కలకత్తా అమ్రి ఆసుపత్రి కేసులో 2013లో దాదాపు 6 కోట్లు ఇచ్చారు. చనిపోయినామె అమెరికాలో సంపాదించగల ఆదాయం ఆ లెక్కలోకి వచ్చింది.

ఇప్పుడు రెండో వైపు. 1992 జులైలో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు మీంచి పడ్డాడు. తలకు గాయం. ఒక ప్రభుత్వాసుపత్రి తర్వాత ఇంకో ప్రభుత్వాసుపత్రి మంచం ఖాళీ లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో 17,000 ఖర్చయింది. వ్యవసాయ కూలీల సంఘం, పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకెళ్లింది. 1996 మేలో వచ్చిన తీర్పు అత్యవసర వైద్యం ఇవ్వకపోవడం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనంది. ఇచ్చిన పరిహారం 25,000. ఆ కేసును కోర్టుకు తెచ్చింది కూలీల సంఘమని మరిచిపోవద్దు. ఏ వినియోగదారుల సంఘమూ కాదు.

హర్యానాలో ఇంకో కూలి మనిషి. ఏడుగురు పిల్లలు. 1988లో గుర్గావ్ ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. ఇక పిల్లలు పుట్టరని చెప్పి పంపారు. డాక్టరు కుడివైపు నాళం మాత్రమే కట్టాడు, ఎడమది వదిలేశాడు. ఎనిమిదో బిడ్డ పుట్టింది. ఆమె రెండు లక్షలు అడిగితే కోర్టు 54,000 ఇచ్చింది. హర్యానా ప్రభుత్వం ఆ 54,000 కూడా ఇవ్వనని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2000 ఏప్రిల్‌లో ఓడిపోయింది. ఒక కూలి మనిషి మీద ఒక రాష్ట్రం అప్పీలు మీద అప్పీలు వేసింది.

కోటికీ, 54,000కీ నడుమ తేడా గాయంలో కొంత ఉంది, కాదనం. కానీ ఎక్కువ తేడా లెక్క కట్టే పద్ధతిలో ఉంది. పోయినవాడు ఏం సంపాదించేవాడు, ఇంకా ఎన్నేళ్లు సంపాదించేవాడు అని గుణిస్తారు. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన రెండో షెడ్యూలు సంపాదన లేనివాళ్ల ఆదాయాన్ని ఏడాదికి 15,000గా అనుకోమంది. ఏళ్లు గడిచినా ఆ అంకె మారలేదు. మన తాతల కూలి తక్కువ కాబట్టి మన తండ్రుల చదువు తక్కువ, చదువు తక్కువ కాబట్టి మన సంపాదన తక్కువ, సంపాదన తక్కువ కాబట్టి మన చావు చవక. కులం పేరెత్తకుండానే కులం లెక్క పూర్తవుతుంది.

ప్రభుత్వాసుపత్రిలో మన ఆడవాళ్లు ఎక్కువగా కత్తి కిందికి వెళ్లేది కుటుంబ నియంత్రణ శిబిరాల్లోనే. 2012 జనవరి 7న బీహార్‌లోని అరరియా జిల్లాలో ఒక బడిలో, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో, ఒకే సర్జన్ రెండు గంటల్లో 53 మందికి ఆపరేషన్లు చేశాడు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో మూతపడ్డ ఆసుపత్రిలో కొన్ని గంటల్లో 83 మందికి చేశారు. ఆ వరస శిబిరాల్లో 13 మంది చనిపోయారు. వాళ్లు దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల ఆడవాళ్లు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న మూడేళ్లలో శిబిరాలు ఆపాలంది, పరిహారం గణనీయంగా పెంచమంది.

ఆ మూడేళ్లు 2019తో అయిపోయాయి. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో శిబిరం పెట్టారు. ఒక్క రోజులో 34 మందికి ఆపరేషన్లు. నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులు. మిగిలినవాళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 5 లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు ప్రకటించింది. ఈ మాటలు గమనించండి. ప్రకటించింది. ఇవ్వాల్సి వచ్చింది అనలేదు. ఎక్స్‌గ్రేషియా అంటేనే దయతో ఇచ్చేది. మళ్లీ ధర్మాసుపత్రి. గొడవ పెద్దదైతే దయ పెద్దదవుతుంది. అదే చావు ఏ మారుమూల మండలంలోనో ఒక్కరికే జరిగితే దయ చూపేవాళ్లు ఉండరు.

చట్టం మార్చాలన్న చర్చ రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ ఇద్దరి నడుమే నడిచింది, ఫీజు తీసుకునేవాళ్లకూ ఫీజు ఇచ్చేవాళ్లకూ. 2018 వినియోగదారుల బిల్లులో 'సేవ' నిర్వచనంలో ఆరోగ్యం అనే మాట పెట్టారు. డాక్టర్ల సంఘాలు గోలచేస్తే 2019 చట్టంలో ఆ మాట తీసేశారు. తీసేసినంత మాత్రాన డాక్టర్లు బయటపడరని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తేల్చింది. ఈ తగువు అంతటా ఉచిత సేవ మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త చట్టంలోనూ అదే వాక్యం. దాన్ని తీసేయమని ఏ పార్టీ అయినా వీధికెక్కిందా?

కర్ణాటకలో 2017 నవంబరులో జరిగింది ఇంకా విచిత్రం. ప్రైవేటు ఆసుపత్రుల చట్టాన్ని గట్టి చేస్తూ ప్రభుత్వం సవరణ తెచ్చింది. ఫిర్యాదుల కమిటీలు, జైలు శిక్షలు. ప్రైవేటు డాక్టర్లు సమ్మె కట్టారు. జస్టిస్ విక్రమ్‌జిత్ సేన్ కమిటీ చెప్పినట్టు ప్రభుత్వాసుపత్రులను కూడా ఇందులో చేర్చండి, మమ్మల్నే ఎందుకు పట్టుకుంటారు అని అడిగారు. వాళ్ల ఉద్దేశం బిల్లును అడ్డుకోవడమే కావచ్చు. కానీ ప్రభుత్వాసుపత్రి రోగి తరఫున అడగాల్సిన మాట ప్రైవేటు డాక్టర్ల నోట వచ్చింది. మన సంఘాలన్నీ ఎక్కడున్నాయి? ఈ ప్రశ్న మాకు మేం కూడా వేసుకుంటున్నాం. బిల్లు పదును తగ్గించి ఆ నెలలోనే ఆమోదించారు. ప్రభుత్వాసుపత్రులు బయటే ఉండిపోయాయి.

మన దగ్గరా అంతే. 2002 ఆంధ్రప్రదేశ్ చట్టం పేరులోనే ప్రైవేటు వైద్య సంస్థలది అని ఉంది. 2008లో డాక్టర్ల మీద, ఆసుపత్రుల మీద దాడుల నివారణకు ఇంకో చట్టం చేశారు. మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా, పగలగొట్టిన సామానుకు రెండింతలు కట్టాలి. దాడులను మేం సమర్థించం. కావాలని చేసిన దాడికీ నిర్లక్ష్యానికీ తేడా ఉందని కూడా తెలుసు. అయినా అద్దం పగిలితే ఎంత కట్టాలో చెప్పిన శాసనసభ మనిషి పోతే ఎంత కట్టాలో చెప్పే చట్టం ఎందుకు చేయలేదు? ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోవే. పశ్చిమ బెంగాల్ 2017లో ప్రైవేటు ఆసుపత్రుల మీద పరిహారం వేసే కమిషన్ పెట్టుకుంది. కావాలనుకుంటే రాష్ట్రాలు చేయగలవు.

ఆరోగ్యశ్రీతో సంగతి మారిందని కొందరు మిత్రులు అంటారు. 2007 నుంచి తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్పొరేటు ఆసుపత్రికి పోగలిగారు. బిల్లు ప్రభుత్వం కడుతుంది. శాంత తీర్పు లెక్కన రోగి తరఫున వేరేవాళ్లు డబ్బు కట్టినా అది ఉచిత సేవ కాదు, కాబట్టి అక్కడ అతను వినియోగదారుడే. నిజమే. అంటే ఏమిటి? ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటుకు పోతే హక్కుంది, అదే ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రభుత్వాసుపత్రికి పోతే లేదు. మనిషి వాడే, కార్డు అదే.

జైలు శిక్ష సంగతి. 2005 ఆగస్టులో జేకబ్ మాథ్యూ తీర్పు డాక్టరు మీద క్రిమినల్ కేసుకు తీవ్ర నిర్లక్ష్యం ఉండాలంది, ఫిర్యాదుకు తోడు ఇంకో డాక్టరు అభిప్రాయం కావాలంది. ఏ మండలంలో ఏ డాక్టరు తన తోటివాడి మీద కూలి మనిషికి కాగితం రాసిస్తాడు? 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత నిర్లక్ష్యపు చావుకు మిగతావాళ్లకు శిక్షను అయిదేళ్లకు పెంచి, డాక్టర్లకు పాత రెండేళ్లే ఉంచింది. దీనిమీద మాలో కూడా ఏకాభిప్రాయం లేదు. జైలు పెంచమనే మిత్రులున్నారు. మాలో ఎక్కువమందికి అది ఇష్టం లేదు. శిబిరానికి టార్గెట్ పెట్టిన అధికారి ఎప్పుడూ దొరకడు. దొరికేది నర్సు, ఏఎన్ఎం, వార్డుబాయ్, రాత్రి డ్యూటీ జూనియర్ డాక్టరు. వాళ్లలో మన పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. పైగా ఏ చిన్న పొరపాటు జరిగినా 'రిజర్వేషన్ డాక్టరు' అని నోరు పారేసుకునే సమాజం ఇది. కేసుల్లో ఎవరి పేరు ముందు రాస్తారో మనకు తెలియనిది కాదు.

మేం అడిగేది వేరు. ప్రభుత్వాసుపత్రిలో వైద్యం వల్ల ప్రాణం పోయినా, అవయవం పోయినా ఎవరి తప్పో రుజువయ్యేదాకా ఆగకుండా రాష్ట్రం చట్టప్రకారం పరిహారం కట్టాలి. సంపాదనతో గుణించకుండా అందరికీ ఒకే కనీస మొత్తం ఉండాలి. విచారణ నివేదిక ఆ కుటుంబం చేతికి తెలుగులో రావాలి. విచారణ చేసేవాళ్లలో డాక్టర్లతో పాటు దళిత, ఆదివాసీ ఆడవాళ్లు కూర్చోవాలి.

అది వచ్చేదాకా చేతిలో ఉన్నవి వాడుకోవాలి. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. సివిల్ దావాకు ప్లీడరునూ, కోర్టు ఫీజునూ అక్కడ అడగొచ్చు. దానికన్నా ముందు కాగితాలు చేతికి రావాలి. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగిగానీ, రోగి అధికారం ఇచ్చినవాళ్లుగానీ అడిగితే కేసు షీటు నకలు 72 గంటల్లో ఇవ్వాలి. అడిగినట్టు రసీదు తీసుకోండి. ఈ కాగితాలను వైద్యం మొదలైన రోజునుంచి మూడేళ్లే దాచాలని అదే నిబంధన అంటుంది. ఇబ్రహీంపట్నం శిబిరానికి ఆ మూడేళ్లు 2025 ఆగస్టుతో నిండాయి.